ఎర్ర బిళ్లల పెయ్యలు

డాక్టరు నాగేంద్రప్రసాద్ కుడిచెయ్యి పనికిరాకుండా పోయిన వారంలోనే ఎర్ర బిళ్లల పెయ్యలు ఈనడం మొదలుపెట్టాయి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. సులైబియాలోని ఆ పశువుల ఫారానికి సైనికులు అప్పుడప్పుడూ లారీ వేసుకొచ్చి, కోతకి పనికొచ్చే కోడెల్ని ఎక్కించుకుపోతున్నారు. అడ్డం చెప్పేవాళ్లు లేరు. కిందటిసారి వచ్చినప్పుడు పికప్ తాళాలు కూడా అడిగారు. అందులో మందులపెట్టె ఉంది, దించుకుంటానని నాగేంద్రప్రసాద్ బండి తలుపు పట్టుకున్నాడు. వాళ్లలో ఒకడు విసుక్కుని తుపాకి మడమతో అతని మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. కోపంగా కూడా కొట్టలేదు, ఈగను తోలినట్టు కొట్టాడు. పెట్టె దక్కింది, బండి పోయింది. ఆస్పత్రికి వెళ్లాలంటే దారి పొడుగునా చెక్‌పోస్టులు. ఒక చెక్కముక్కని మణికట్టుకి గట్టిగా కట్టుకుని, చేతిని మెడకి వేలాడేసుకుని తిరుగుతున్నాడు.

అతనిది రాజంపేట. తిరుపతిలో పశువైద్యం చదివి ఈ ఫారంలో ఉద్యోగానికి వచ్చాడు. ఒకప్పుడు ఇక్కడ ఇరవైమంది దాకా పనివాళ్లుండేవాళ్లు. ఇప్పుడు అతను కాక మిగిలింది ఇద్దరే. ఒకడు పులివెందుల దగ్గరి మద్దిలేటి, ఇంకొకడు జగిత్యాల వైపు చిన్నరాజం. మిగతావాళ్లంతా బస్రా బస్సులెక్కి వెళ్లిపోయారు. బస్రా నుంచి బాగ్దాద్, బాగ్దాద్ నుంచి అమ్మాన్, అక్కడ విమానం దొరికితే బొంబాయి.

ఈ ముగ్గురూ ధైర్యం చూపించాలని ఆగలేదు. ఆగస్టంతా ఇవాళ, రేపు అనుకుంటూ గడిచిపోయింది. పొద్దున లేస్తే మోటారుకి డీజిల్ వెతకాలి, తొట్లు నింపాలి, ఉన్న మేతని ఇంకొన్నాళ్లు వచ్చేలా పంచాలి. సాయంత్రానికి ఒకరితో ఒకరు మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. వెళ్లడం గురించి ఆలోచించాలన్నా కొంత ఓపిక కావాలి.

పెయ్యలన్నీ తొలిచూలివే. చిన్న పశువులు, సన్నటి నడుములు. కిందటి శీతాకాలంలో వాటికి చూలు కట్టడానికి ఎద్దు వీర్యం సూదులు వెయ్యబోయే ముందు యజమాని అబూ మిషారీతో నాగేంద్రప్రసాద్ చాలా వాదించాడు. యజమానికి షరోలే జాతి ఎద్దు కావాలి. దాని దూడలు తెల్లగా, దిట్టంగా పుడతాయి. పాలు మానే వయసుకి మిగతా దూడలకన్నా ఎంతో బరువు తూగుతాయి. మాంసానికి పెంచేవాళ్లు చూసుకునేది ఆ తొలి నెలల ఎదుగుదలనే. కాని ఆ ఎదుగుదల ఒక్కటే విడిగా రాదు. దూడని త్వరగా పెంచే జన్యువులు చాలావరకు అది కడుపులో ఉండగానే పని మొదలుపెడతాయి. గబగబా ఎదిగే దూడ పుట్టేటప్పుడే పెద్దదిగా పుడుతుంది. దాని సైజులో సగం తండ్రి వైపు నుంచి వచ్చినా, అది బయటికి రావలసింది తల్లి ఎముకల మధ్య నుంచి. ఆ దారి ఎంత వెడల్పుంటుందన్నది తల్లి తన పుట్టుకతో తెచ్చుకున్నది.

“ముదురు ఆవులకి షరోలే వేద్దాం. తొలిచూలు వాటికి చిన్న దూడలనిచ్చే ఆంగస్ జాతిది వేద్దాం. అందులోనూ కొన్ని ఎద్దులకి దూడలు చిన్నగా పుట్టి తర్వాత అందుకుంటాయి. అరుదుగా ఉంటాయి గాని ఉంటాయి. వెతికి అలాంటిది తెప్పిద్దాం” అన్నాడు నాగేంద్రప్రసాద్.

అబూ మిషారీ చెడ్డవాడు కాదు. పనివాళ్లతో కలిసి కూర్చుని టీ తాగే మనిషి. “డాక్టర్, నా స్నేహితులొస్తే మేకపిల్లల్లాంటి దూడల్ని చూపించమంటావా?” అని నవ్వాడు. చివరికి సగం సగం అన్నాడు. షరోలే సూది వేసినవాటి చెవులకి ఎర్ర బిళ్లలు, ఆంగస్ వేసినవాటికి పసుపు బిళ్లలు. దూడలు పుట్టాక తూచి చూసుకుందాం, ఎవరి మాట నిజమో తేలుతుందన్నాడు. జూలైలో ఎప్పటిలాగే ఇంటిల్లిపాదితో కైరో వెళ్లాడు. తర్వాత కబురు లేదు.

పసుపు బిళ్లలవి ఎవర్నీ పిలవకుండానే ఈనాయి. పొద్దున్నే మద్దిలేటి వెళ్లేసరికి రేకుల నీడలో తడిసిన నల్లటి దూడ నిలబడి పొదుగు వెతుక్కుంటూ ఉండేది. ఎర్ర బిళ్లలవాటిలో మొదటిది రోజంతా నొప్పులు పడి చచ్చిన దూడని ఈనింది. రెండోది దూడ బయటికి రాకుండానే చచ్చిపోయింది. ఎడమచేత్తో చెయ్యగలిగిందంతా చేశాడు నాగేంద్రప్రసాద్. తూకాలతో పని లేకుండానే సంగతి తేలిపోయింది. తనే నెగ్గాడని చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు, చెప్పుకోవాలని కూడా లేదు.

రెండోదాన్ని పూడ్చిన మర్నాడు మధ్యాహ్నం వెంకటేశ్వరి వచ్చింది.

ఆమె మద్దిలేటి భార్య. రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది, ఆ ఇంటి యజమానురాలిని మామా అని పిలిచేది. గేటు దగ్గర నీళ్ల ట్యాంకర్ దిగి, సంచీ కింద పెట్టి, చిన్నరాజం ఇచ్చిన చెంబెడు నీళ్లు తాగింది.

“మామా వాళ్లు కారులో ఎడారి దోవన సౌదీకి పాయిరి” అంది భర్తతో. “నన్ను గూడా రమ్మనిరి. నువ్వు ఈడుంటే నేనెట్ల పోదును? ఇల్లు సూసుకోమని తాళాలిచ్చిరి. నిన్న మిలిటరీ వాళ్లొచ్చి టీవీలు, ఏసీలు, కడాకు తలుపులు గూడా పెరుక్కోని పాయిరి. ఇంగ నేను తాళం దేనికెయ్యల్ల? అల్ రాయ్ దాకా నడిచొస్తి. ఆడ షెడ్డులో ఒక పఠాను మెకానిక్కు ఈ బండెక్కించినాడు.”

“తిన్న్యావా?” అన్నాడు మద్దిలేటి.

“తినేది తర్వాత. రిగ్గై నుంచి దినామూ బస్సులు పోతాండాయంట. పోదాం పా.”

మద్దిలేటి షెడ్డు వైపు చూశాడు. “ఎర్ర బిళ్లలవి ఇంగా ఉండాయి మే. సార్ చెయ్యి సూస్తివి గదా. అవి ఈనినాంక పోదాం.”

“ఈనితే ఏమి? వాటిని కోసుకోని తినేదే గదా. దానికోసం మనం ఈడ సావల్నా?”

“కోసేది ఎప్పుడో. నొప్పులు ఇప్పుడు గదా పడతాండేది” అన్నాడు మద్దిలేటి.

ఆమెకి ఒళ్లు మండింది. ఏదో అనబోయి, నాగేంద్రప్రసాద్ అక్కడే తల వంచుకుని నిలబడి ఉండటం చూసి ఆగిపోయింది. సంచీ తీసుకుని ముగ్గురు మగవాళ్లు పడుకునే గది లోపలికి వెళ్లి, అక్కడి వాసనకి ముక్కు మూసుకుని, చీపురు ఎక్కడుందని అడిగింది.

మూడోదానికి నొప్పులు మొదలైంది ఒక తెల్లవారుజామున. ఎండ ఎక్కేసరికి ఉమ్మనీరు పోయి చాలాసేపయింది గాని ఒక్క గిట్ట తప్ప ఏమీ కనపడలేదు. చిన్నరాజం చొక్కా విప్పి, చేతికి సబ్బు రాసుకుని ప్రయత్నించాడు. కాసేపటికి చెమటలు కారుతూ లేచాడు.

“సారూ, నా చెయ్యి పోతలేదు. గీ బొక్కల కాడ్నే పట్టేస్తున్నది. ఒక్క కాలే దొర్కుతున్నది, ఇంకోటి లేనే లేదు.”

నాగేంద్రప్రసాద్ ఎడమచెయ్యి పెట్టి చూశాడు. తల దారిలోనే ఉంది. ముందుకాలు ఒకటి మోకాలి దగ్గర మడుచుకుని వెనక్కి ఉండిపోయింది. అలాగే లాగితే దూడా తల్లీ రెండూ పోతాయి. ఎడమచేతి వేళ్లకి ఆ మడత విప్పే నేర్పు లేదు, ఆ ఇరుకులో అతని మోచెయ్యి తిరగడం లేదు. చెయ్యి బయటికి తీసి అలాగే కూలబడ్డాడు. కూర్చున్నచోటే నిద్రపోవాలనిపించింది.

ఎదురుగా వెంకటేశ్వరి నీళ్ల బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. అతను ఆమె చేతుల వంక చూశాడు.

“అమ్మా, ఆ గాజులు తీస్తావా?”

ఆమెకి అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. “నేనా? నాకేమి తెల్దు సార్!”

“చెయ్యాల్సింది నేను చెప్తా. నీ చెయ్యి సన్నం. మా ముగ్గురికీ లేనిది అదే.”

ఆమె మద్దిలేటి వంక చూసింది. అతను సబ్బు అందించాడు. గాజులు ఊడదీసి గోడ మీద పెట్టింది. చిన్నరాజం వంటనూనె తెచ్చి ఆమె చేతికి భుజం దాకా పోశాడు.

“కళ్లు మూసుకో అమ్మా. తొందర లేదు. ఏం తగులుతోంది?”

“మెత్తగ ఉండాది... ముక్కు. పండ్లు. సార్! నా ఏలు సప్పరిస్తాంది!”

నాగేంద్రప్రసాద్ మోకాళ్ల మీద లేచాడు. “బతికుంది. దాని మెడ పట్టుకుని కిందికి పో. భుజం దొరుకుతుంది. నొప్పి వచ్చినప్పుడు ఊరికే ఉండు, చెయ్యి మాత్రం తియ్యద్దు.”

నొప్పి వచ్చింది. వెంకటేశ్వరి పళ్లు బిగబట్టి మూలిగింది. “ఎముకలు ఇరగతాండాయి సార్, నా ఎముకలు!”

“ఇరగవు. పోతుంది. పోయిందా? ఇప్పుడు తలని లోపలికి నెట్టు. చోటు చేసుకో. మోకాలు దొరికిందా? ఇంకా కిందికి. గిట్ట దొరికాక దాన్ని నీ అరచేత్తో మూసి పట్టుకో. దాని అంచు తల్లి లోపల కోసుకుపోకూడదు. అలాగే పైకి, నీ వైపు తే.”

పెయ్య ఊపిరి, ఈగల రొద. దూరంగా ఎక్కడో ట్యాంకులు పోతున్న చప్పుడు. రెండుసార్లు గిట్ట జారిపోయింది. రెండోసారి వెంకటేశ్వరి ఏడ్చేసింది, ఏడుస్తూనే మళ్లీ పట్టుకుంది.

“వచ్చె” అంది చివరికి, వినీవినపడకుండా. “వచ్చె సార్. రెండు కాళ్లూ వచ్చె.”

మద్దిలేటి రెండు గిట్టల పైన తాళ్లు తగిలించాడు. నొప్పి వచ్చినప్పుడల్లా అతనొక కాలు, చిన్నరాజం ఒక కాలు, ఒకరి తర్వాత ఒకరు కిందివైపుగా లాగారు. తల వచ్చింది. భుజాలు వచ్చాయి. నడుము దగ్గర మళ్లీ ఇరుక్కుంది. దూడని పక్కకి తిప్పమన్నాడు నాగేంద్రప్రసాద్. తిప్పి లాగితే ఒక్కసారిగా జారి మద్దిలేటి కాళ్ల మీద పడింది. మీగడ రంగు కోడెదూడ. పుట్టిన దూడలా లేదు, నెల్లాళ్ల దూడలా ఉంది. ఊపిరి లేదు. ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పి, చెవిలో చన్నీళ్లు పోశాక తుమ్మింది.

వెంకటేశ్వరి నేలమీదే కూర్చుని బకెట్‌లో చెయ్యి కడుక్కుంది. “ఇంత ఎద్దును ఆ సిన్నది ఎట్ల మోసినాది సార్?”

“తండ్రిని ఎంచుకున్నప్పుడు తల్లి కొలతలు చూసుకోలేదమ్మా” అన్నాడు నాగేంద్రప్రసాద్.

తల్లి దూడని నాకింది గాని లేవలేకపోయింది. లేవబోతే వెనక కాళ్లు చెరో పక్కకి జారిపోయాయి. లోపల నరం నలిగింది. కొన్ని రోజులు కాళ్లు కట్టి, పక్కలు మార్చి చూసుకుంటే లేచే అవకాశం ఉంది.

అన్ని రోజులు దొరకలేదు. ఆ సాయంత్రమే లారీ వచ్చింది. సార్జెంట్ షెడ్డంతా తిరిగి, పడి ఉన్న పెయ్యని చూపించి ఇదెందుకు లేవడం లేదని అడిగాడు. నాగేంద్రప్రసాద్ తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు. లేవనిదాన్ని ఉంచుకుని ఏం చేస్తారు, దీన్నే తీసుకుపోతాం, మిగతావి మీకే వదిలేస్తాం అన్నాడు సార్జెంట్, మేలు చేస్తున్నట్టు. తుపాకి తియ్యమని పక్కనున్న కుర్ర సైనికుల్లో ఒకడికి చెప్పాడు.

అతని పేరు కాదిమ్. బూట్లు చిరిగి ఉన్నాయి, గడ్డం రోజుల తరబడి గీసుకోలేదు. తుపాకి తియ్యలేదు. పెయ్య పక్కన కూర్చుని పొదుగు మీద చెయ్యి వేశాడు.

“ఇది ఇవాళే ఈనింది. దూడ తాగిందా?” అని అడిగాడు.

లేదన్నాడు నాగేంద్రప్రసాద్.

“ముర్రుపాలు తాగకపోతే దూడ బతకదు” అన్నాడు కాదిమ్ సార్జెంట్‌తో. తనది అమారా వైపు చిత్తడి నేలలని, ఇంట్లో గేదెలున్నాయని కూడా చెప్పాడు. సార్జెంట్ యల్లా, యల్లా అని తొందరపెడుతూ సిగరెట్ వెలిగించాడు. కాదిమ్ బకెట్ అడిగాడు. వెంకటేశ్వరి కడిగి ఇచ్చింది. అతను నాలుగు చన్నులూ పిండి, పసుపు రంగు చిక్కటి పాలు ఆమె చేతికిచ్చాడు. తర్వాత లేచి, ఆమెని అటు తిరగమని సైగ చేశాడు.

ఒక్కటే చప్పుడు. నలుగురు సైనికులు, మద్దిలేటి, చిన్నరాజం కలిసి దాన్ని లారీలోకి ఎక్కించాల్సి వచ్చింది. లారీ వెళ్లిపోయాక మద్దిలేటి చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు, ఎంతకీ తొట్టి దగ్గర్నుంచి రాలేదు.

దూడకి ఆ పాలు సీసాతో పట్టారు. పొద్దున ఈనిన పసుపు బిళ్ల ఆవు ఒకటుంటే, తన దూడే అనుకునేలా దాని మాయనీళ్లు ఈ దూడ ఒంటికి రుద్ది, పైన ఉప్పు చల్లి దాని దగ్గర వదిలారు. మొదట ఆ ఆవు తన్నింది. ఉప్పు కోసం నాకి నాకి, చివరికి ఊరుకుంది. నల్లటి బుడ్డ దూడ పక్కన ఈ తెల్లది దాని అన్నలా కనిపించింది.

ఆ రాత్రి అన్నం తిన్నాక నాగేంద్రప్రసాద్ మందులపెట్టె తెరిచాడు.

“మిగిలిన ఎర్ర బిళ్లలవాటికి ఇంజెక్షన్లు చేద్దాం. నెలలు నిండకముందే ఈనేస్తాయి” అన్నాడు. “ఆఖరి రెండు వారాల్లోనే దూడ ఎక్కువ బరువెక్కుతుంది. ఆ బరువెక్కకముందే బయటికి తెద్దాం. ఇన్నాళ్లూ అయితే మరీ ముందయ్యేది, దూడ ఊపిరితిత్తులు తయారయ్యుండేవి కావు. ఇప్పుడు చెయ్యచ్చు.”

“గట్ల జేస్తే లేగలు బతుకుతయా సారూ?” అన్నాడు చిన్నరాజం.

“కొన్ని బతకవు. కొన్నిటికి మాయ పడక జ్వరాలొస్తాయి. తల్లులు మాత్రం నిలబడతాయి.”

“మరి ఆ షేక్‌కు పెద్ద లేగలే గావాలె గదా?”

“ఆయన లేడు కదా” అన్నాడు నాగేంద్రప్రసాద్. గొంతులో కోపం లేదు, పంతం లేదు. ఆయన ఉన్నా ఇదే చేసేవాణ్నని అనబోయి, అంత మాట్లాడటం దేనికని ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున మద్దిలేటి తలలు పట్టుకుంటే ఎడమచేత్తోనే సూదులు వేశాడు. రెండు మూడు రోజుల్లో పెయ్యలన్నీ ఒకదాని వెనక ఒకటి ఈనాయి. ఒక్కదానికే వెంకటేశ్వరి చెయ్యి పెట్టాల్సి వచ్చింది. దూడలు సన్నగా, కాళ్లు వణుకుతూ పుట్టాయి. రెండు దక్కలేదు. మిగతావాటికి సీసాలతో, వేళ్లతో పాలు అలవాటు చెయ్యడానికి నలుగురూ వంతులు వేసుకున్నారు. తల్లులన్నీ తమ కాళ్ల మీద లేచి నిలబడ్డాయి. ఆఖరిది లేచి తొట్టి దాకా నడుచుకుంటూ వెళ్లి నీళ్లు తాగుతుంటే వెంకటేశ్వరి దాన్నే చూస్తూ, “ఇంగ పోదామా సార్?” అంది. ఆమె ముఖం వారంలోనే పీక్కుపోయింది.

ఫారం వెనక రేకుల ఇంట్లో అబూ సాలెం అనే ముసలాయన గొర్రెలు పెంచుకుంటూ మనవళ్లతో ఉండేవాడు. బెదూన్, అంటే పుట్టింది ఇక్కడే అయినా ఏ దేశపు కాగితమూ లేనివాడు. మేము వెళ్తున్నాం, ఆవుల్ని నువ్వు చూసుకో, మిగిలిన గడ్డీ బార్లీ నీదే అని నాగేంద్రప్రసాద్ చెప్పాడు.

“మీకు మీ దేశం విమానం పంపుతోంది. నాకెవరు పంపుతారు? ఇక్కడే ఉంటా” అన్నాడు అబూ సాలెం. “పిల్లలకి పాలవుతాయి. తోలుకురండి.”

గేట్లన్నీ తెరిచినా ఆవులు కదల్లేదు. ఖాళీ తొట్ల ముందే నిలబడ్డాయి. మద్దిలేటి, చిన్నరాజం అదిలించి, బతిమాలి, దూడల్ని ఎత్తుకుని ముందు నడిస్తే అప్పుడు కదిలాయి. అప్పగించాక నాగేంద్రప్రసాద్, “మళ్లీ ఎదకొస్తే వీటికి పెద్ద ఎద్దుని కట్టకు” అన్నాడు.

ముసలాయన నవ్వాడు. “ఎద్దా? ముందు నీళ్లు దొరకనీ డాక్టర్.”

నీళ్ల ట్యాంకర్ మీద రిగ్గై దాకా, అక్కడి నుంచి బస్సులో బస్రా. తర్వాతి దారంతా నాగేంద్రప్రసాద్‌కి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. జోర్డాన్ సరిహద్దులో ఇసుక మీద గుడారాలు, రొట్టెల కోసం తోపులాట, రాత్రుళ్లు చలి. అక్కడ చిన్నరాజం తన తోటి జగిత్యాల వాళ్లని కలుసుకుని వేరే విమానంలో వెళ్లాడు. “పోయొస్త సారూ, చెల్లే, పైలం” అన్నాడు. బొంబాయిలో డాక్టర్లు నాగేంద్రప్రసాద్ మణికట్టు వంకరగా అతుక్కుందని, మళ్లీ విరిచి కట్టాలని అన్నారు. సరే కట్టండన్నాడు.

యుద్ధం అయిపోయాక వచ్చిన ఎండాకాలంలో మద్దిలేటి మళ్లీ కువైట్ వెళ్లాడు. వెంకటేశ్వరి వెళ్లలేదు. అతను సెలవులో వచ్చినప్పుడు రాజంపేటకి వచ్చి నాగేంద్రప్రసాద్‌ని చూశాడు. సులైబియా పోయి చూసినానన్నాడు. ఫారం కంచె పడిపోయి ఉంది, రేకుల ఇల్లు లేదు. అబూ సాలెం యాడికి పోయినాడో ఎవురూ చెప్పలేకపోయారన్నాడు.

“ఆవులు?”

“తెల్దు సార్.”

నాగేంద్రప్రసాద్ అతన్ని భోజనం చేసి వెళ్లమన్నాడు. బయట ఎవరో గేదెని తోలుకొచ్చి డాక్టరు గారూ అని పిలుస్తుంటే, వస్తున్నానని చెప్పి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.